కాళ్ళు ముందుకు చాపి తొక్కే సైకిల్

1993, వానాకాలం. కామారెడ్డి స్టేషన్ రోడ్డు మీద నా సైకిల్ షాపు పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. పంక్చర్ల నుంచి ఫ్రేము అతుకుల దాకా అన్నీ చేసేవాణ్ణి. నాకు లొంగని సైకిల్ ఈ చుట్టుపక్కల లేదని కొంచెం పొగరు కూడా ఉండేది. ఒక సోమవారం ఎల్లారెడ్డి బస్సు పైనుంచి రెండు పెద్ద అట్టపెట్టెలు దింపించుకుని సాయిలు నా షాపు ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత రెండు నెలల పాటు నేను మనశ్శాంతిగా అన్నం తిన్నది లేదు.

సాయిలుకు ముప్పై దాటి ఉంటాయి. గల్ఫ్‌లో కట్టడం పనికి పోయి, పరంజా మీంచి పడి, వెన్ను దెబ్బతిని తిరిగి వచ్చినవాడు. పావు గంట నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాల్సిందే. మామూలు సైకిల్ సీటు మీద కూర్చుంటే ప్రతి గుంతకూ నడుములోకి పోటు. అక్కడ అతనికి పై అధికారిగా ఉన్న ఇంజనీరు సొంత దేశం వెళ్ళిపోతూ తన సైకిల్ ఇతనికి ఇచ్చేశాడట. దాని ముక్కలే ఆ పెట్టెల్లో ఉన్నాయి.

“యూసుఫ్ భాయ్, గిది బిగించియ్యాలె. కోతలు షురువైతే మిల్లుల కాంటా మీద కూసొనే పని ఇస్తమన్నరు. ఇంటికాడికెల్లి నాలుగు మైళ్ళు” అన్నాడు.

“బస్సుల పోరాదు తమ్మీ?”

“పొద్దున బస్సు పది దాటినంక వస్తది. మిల్లు ఏడింటికే తీస్తరు. ఆల్చమైతే ఇంకొకన్ని పెట్టుకుంటమన్నరు. కూసొని చేసే పని గదొక్కటే దొరికింది భాయ్.”

“డాక్టరు ఏమన్నడు?”

“ఇంకోపారి వెన్నుకు దెబ్బ తగిలితె కాళ్ళు పడిపోతయన్నడు.”

ఇదీ పరిస్థితి. సైకిల్ లేకపోతే పని లేదు. సైకిల్ మీంచి పడితే కాళ్ళు లేవు. అలాంటి మనిషికి జీవితంలో ఎప్పుడూ చూడని సైకిల్ బిగించి ఇవ్వాలి.

దాన్ని రికంబెంట్ అంటారని పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంది. వెనక్కి చేరగిలబడి తొక్కే సైకిల్. సీటు వాలుకుర్చీలా ఉంటుంది. పెడళ్ళు కింద ఉండవు, ముందు చక్రానికి కూడా ముందు, దాదాపు సీటంత ఎత్తులో ఉంటాయి. కాళ్ళు ముందుకు చాపి తొక్కాలి. చైను మామూలు సైకిల్ చైనుకు రెండింతల పైనే ఉంది. మధ్యలో వేలాడకుండా ఐడ్లర్ అని ఒక చిన్న చక్రం దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. బిగించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ బజారంతా నా షాపు ముందే. ఇది మంచమా, సైకిలా అని అడిగినవాళ్ళకు జవాబు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఇందులో అసలు పని బూమ్ సర్దడం. పెడళ్ళను మోసే ముందు గొట్టాన్ని బూమ్ అంటారు. అది ఫ్రేములోకి జరుగుతుంది, బయటికీ జరుగుతుంది. వీపు సీటుకు పూర్తిగా ఆనించి, మడమ పెడల్ మీద పెట్టి దూరంగా తోస్తే కాలు పూర్తిగా సాగాలి. తర్వాత మునివేళ్ళ కింది భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదీ కొలత. బూమ్ మరీ పొడవైతే అందుకోవడానికి నడుము జారుతుంది, పొట్టిదైతే మోకాళ్ళు అరుగుతాయి. సాయిలు నడుము సంగతి తెలుసు కాబట్టి వీపు పట్టీని కూడా మూడుసార్లు మార్చాను. కొత్తవాడికి రోడ్డు బాగా కనబడాలని సీటు కొంచెం నిటారుగానే ఉంచాను. అంత కిందికి ఉండే మనిషి లారీవాళ్ళకు కనబడడు. అందుకని వెనక ఒక సన్నటి వెదురు బద్ద కట్టి, దానికి ఎర్ర గుడ్డ వేశాను. స్కూటర్ అద్దం ఒకటి హ్యాండిల్‌కు బిగించాను.

పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. కదిలే సైకిల్ మీంచి ఒకడు కాలు కింద పెడుతున్నాడు, దాని మీద పెద్ద ఇంటు గుర్తు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా బొమ్మ అర్థమైంది. మామూలు సైకిల్ మీద భయమేస్తే కాలు కింద పెడతాం, ఏమీ కాదు. ఇక్కడ కాలు ముందు ఉంటుంది. సైకిల్ పోతుండగా మడమ నేలకు తగిలితే బండి దాని మీదికే వెళ్తుంది, కాలు సీటు కిందికి మడత పడుతుంది. ఇది సాయిలుకు ఒకసారి కాదు, ఇరవై సార్లు చెప్పాను. ముందు బ్రేకు, బండి ఆగాక కాలు అని. తలూపాడు.

కాలేజీ గ్రౌండులో నేర్పాను. బ్రేకు పట్టుకుని, ఒక పెడల్ పైకి తెచ్చి, దాన్ని గట్టిగా తోసి, వెంటనే రెండో కాలు ఎత్తాలి. హ్యాండిల్‌ను గుంజకూడదు, చూపు చక్రం మీద కాక దూరంగా ఉండాలి. నేను వెనక సీటు పట్టుకుని పరుగెత్తాను. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, నా పొట్టతో, నాలుగు రోజులు. నాలుగో రోజుకు వదిలేస్తే తనే గ్రౌండు చుట్టూ తిరిగాడు. బురదలో కూడా తిరిగాడు. ఒక్కసారి కూడా కాలు దించలేదు. సైకిల్ బస్సు మీదికి ఎక్కించి అతన్ని ఊరికి పంపాను.

వారం తిరగకుండా బస్సు పైన ఎర్ర గుడ్డ ఎగురుతూ వచ్చింది.

“భాయ్, బండి గుంజుతుంది. పంచాయితీ ఆఫీసు కాడ పడ్డ. మెల్లగుండె, ఏం గాలే.”

ముందు చక్రం విప్పాను. బేరింగ్ గోళీలు చూశాను, ఫోర్క్ చూశాను, స్పోకులు ఒక్కొక్కటీ మీటి చూశాను. వెంట్రుకంత తేడా లేదు. గ్రౌండుకు తీసుకుపోయి తొక్కించాను. చక్కగా తొక్కాడు. పంపించాను.

పది రోజులకు మళ్ళీ వచ్చాడు. ఈసారి మోచెయ్యి చెక్కుకుపోయింది. “గీ బూమ్ లోపటికి గొట్టు భాయ్. కాళ్ళు జల్ది కిందికి అందాలె” అన్నాడు.

“కాళ్ళు కిందికి అందుడెందుకు? తియ్యొద్దని చెప్పిన గద.”

“తియ్యలే భాయ్. గని అందితె ధైర్యముంటది.”

వద్దన్నాను. బతిమాలాడు. చైను పొడవు తగ్గించడానికి కొన్ని కడీలు తీసి, బూమ్ మూడు వేళ్ళంత లోపలికి కొట్టి బిగించాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునే పని అదే. కొలత తప్పని తెలిసీ, గిరాకీ అడిగాడు కదా అని చేశాను. ఎందుకు అడుగుతున్నాడని మాత్రం అడగలేదు.

మూడోసారి వచ్చినప్పుడు మోకాళ్ళు పట్టుకుని కుంటుతూ దిగాడు. పొట్టి బూమ్‌తో మోకాళ్ళు పోయాయి, అది చాలదన్నట్టు మళ్ళీ పడ్డాడు. ఆ రోజు షాపులో నలుగురు కూర్చుని ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏంది సాయిలూ? ఈడ మంచిగ తొక్కుతవు, ఊరికి పోంగనే పడుతవు. నా సైకిల్‌కు ఏమన్న దయ్యం పట్టిందా? లేకుంటె నీ ఊరి రోడ్డుకు పట్టిందా? నీకు తొక్కస్తలేదని ఒప్పుకో, నన్ను సంపకు. ఎన్ని పార్లు విప్పాలె, ఎన్ని పార్లు బిగియ్యాలె?”

నలుగురూ నవ్వారు. సాయిలు నేల చూశాడు. “ఇంక పది రోజులల్ల మిల్లు తీస్తరు భాయ్” అన్నాడు, అంతే. ఆ మాట విన్నా నా విసుగు పోలేదు. బూమ్‌ను మళ్ళీ మొదటి కొలతకు తెచ్చి, చైను కడీలు కలిపాను.

శుక్రవారం షాపు బంద్. నమాజు ముగించుకుని పానాల సంచీ భుజాన వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఈసారి తప్పు కళ్ళారా చూసి, అది సైకిల్‌ది కాదని రుజువు చేసి, ఇక నా గడప తొక్కొద్దని చెప్పి రావాలని పోయాను. అబద్ధమెందుకు, మనసులో ఉన్నది అదే.

సాయిలు ఇల్లు ఊరి చివర, మిల్లుకు పోయే రోడ్డు పక్కన. వాళ్ళమ్మ బాలవ్వ రోడ్డు అంచున మక్కజొన్నలు ఎండబోసి కాళ్ళతో కలబెడుతోంది. సాయిలును అర ఫర్లాంగు దూరం పోయి, తిరిగి తొక్కుకుంటూ రమ్మన్నాను. వెనక పరుగెత్తే ఓపిక ఇక నాకు లేదు. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుందేమో ఎదురుగా నిలబడి చూద్దామని రోడ్డు మధ్యలో నిలబడ్డాను.

బాగా వస్తున్నాడు. ఒక లారీ పక్క నుంచి పోయింది, బెదరలేదు. మేకలు అడ్డం వచ్చాయి, తప్పించాడు. చక్రం దారం పట్టినట్టు వస్తోంది. నాకూ అతనికీ మధ్య ఇరవై అడుగుల దూరం ఉంటుంది. అతను తలెత్తి నా మొహం చూశాడు. చూసీ చూడగానే రెండు కాళ్ళూ పెడళ్ళ మీంచి తీసి కింద పడేశాడు.

కుడి మడమ నేలకు తాకింది, బండి దాని మీదికి ఎక్కింది. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలా. నేను సంచీ పారేసి ఉరికి సీటు పట్టుకున్నాను. ఇద్దరం పక్కకు ఒరిగి మక్కల మీద పడ్డాం. అతని బరువంతా నా మీద పడింది కాబట్టి నడుముకు ఏమీ కాలేదు. చీలమండ మాత్రం బెణికింది.

“కాళ్ళెందుకు దించినవ్?” లేవకుండానే అరిచాను.

“దించలే భాయ్.”

“నా కండ్లతోని చూసిన, దించలే అంటవా?”

అతను తన కాళ్ళవైపు చూసుకున్నాడు. నిజంగానే అతనికి తెలియదు. బాలవ్వ వచ్చి కొడుకును లేపి, దుమ్ము దులిపి, నా వైపు తిరిగి మామూలుగా అంది.

“నువ్వు పెద్దోనివి గద భాయ్. నీ మొకం మీదికి కాళ్ళు చాపుకుంట ఎట్లొస్తడు?”

నేను లేచి ఒంటికి అంటిన మక్కలు దులుపుకున్నాను. పెద్దవాళ్ళ ఎదుట కాళ్ళు చాపకూడదని నా ఇంట్లోనూ చెప్పారు, నేనూ నా పిల్లలకు చెప్పాను. మా నాన్న ముందు నేను ఏనాడూ కాలు చాపి కూర్చోలేదు. పంచాయితీ ఆఫీసు దగ్గర ఎవరు ఎదురయ్యారని అడిగితే, చదువు చెప్పిన సారు అన్నాడు సాయిలు. రెండోసారి మేనమామ. మూడోసారి మిల్లు యజమాని తండ్రి. పడింది వాళ్ళను చూసి అని అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు. దండానికి చెయ్యి లేచినంత సులువుగా కాళ్ళు దిగిపోయేవి. గ్రౌండులో ఎందుకు దిగలేదంటే, అక్కడ పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే, నేను వెనకో పక్కనో ఉన్నాను గానీ ఎదురుగా ఎప్పుడూ నిలబడలేదు.

“ముందుగాల చెప్పొద్దా అవ్వా?” అన్నాను.

“నువ్వడిగినవా?”

అడగలేదు. రెండు నెలలు ఇనుమును పరీక్ష చేశాను. నలుగురిలో నేను అన్ని మాటలన్న మనిషి, నా మీదికి కాళ్ళు చాపలేక, ఉన్న కాళ్ళు పోగొట్టుకోబోయాడు. సిగ్గుతో నా తల వంగిపోయింది.

ఇక మానెయ్యమని చెప్పలేను, మిల్లు ఆగదు. అలవాటును పానాతో విప్పలేను. ఏం చెయ్యాలో తోచక సంచీలో పానాలు సర్దుతూ కూర్చున్నాను. అప్పుడు బాలవ్వ చీర కొంగు నడుముకు చెక్కుకుని పోయి రోడ్డు మధ్యలో నిలబడింది.

“బండి తియ్యి కొడకా. నా దిక్కు తొక్కుకుంట రా.”

“నీ దిక్కా? నాతోని కాదవ్వా.”

“కాళ్ళు పడిపోయి మంచంల పడితె ఎత్తాల్సింది నేనే గద. దానికన్న నా మీదికి చాపుడు నయం. కాళ్ళు దించినవంటె నా మీద ఒట్టే.”

సాయిలు చీలమండకు గుడ్డ కట్టి సైకిల్ మీద కూర్చోబెట్టాను. మొదటిసారి పది అడుగుల ముందే బ్రేకు వేసి ఆపేశాడు. రెండోసారి కళ్ళు దించుకున్నాడు గానీ కాళ్ళు దించలేదు. ఆమె పక్కన నుంచి పోతూ “తప్పైంది అవ్వా” అన్నాడు. మళ్ళీ తొక్కించింది. పొద్దు వాలేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఆ రాకలు లెక్కపెట్టలేదు గానీ, చివరి రాకల్లో అతను తప్పైంది అనడం మానేశాడు. మర్నాటి నుంచి ఆమె ఆ దారిలో ఉన్న ఇండ్లన్నీ తిరిగి, నా కొడుకు కాళ్ళు ముందటికి పెట్టుకుని వస్తడు, ఎవ్వలు తప్పు పట్టొద్దు, పిలిచి పలకరించొద్దు అని చెప్పి వచ్చిందట. మిల్లు తీసిన రోజు ఏడింటికి ముందే సాయిలు కాంటా దగ్గర ఉన్నాడు.

ఆ తర్వాత నా పని తీరు ఒకటి మారింది. ఎవరి సైకిల్ బాగుచేసినా, ఎవరికి తొక్కడం నేర్పినా, వెనక పట్టుకుని ఊరుకోను. ముందుకు పోయి నిలబడి, నా వైపు తొక్కమంటాను. వెనక ఉంటే బండి కనబడుతుంది, ఎదురుగా ఉంటేనే మనిషి కనబడతాడు. ఇది నేర్చుకోవడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ శుక్రవారం సాయంత్రం బస్సెక్కే ముందు నేనూ ఒకసారి రోడ్డు మధ్యలో నిలబడి సాయిలును రమ్మన్నాను. ఇంకెవరైనా అలా వస్తే చెంప పగలగొట్టేవాణ్ణి. అతని రెండు అరికాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి నేరుగా నా మొహం మీదికి వస్తుంటే, దించకురా నాయనా, దించకు అని మొక్కుకుంటూ నిలబడ్డాను. దించలేదు.