ఎదురొచ్చిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుండగా వచ్చింది. అమ్మ కోరుట్ల నుంచి ఫోన్ చేసింది. "పెద్దమ్మ లేస్తలేదే బిడ్డా. చాయ్ పెట్టి పిలిచిన, లేస్తలేదు" అంది. జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో వెళ్తున్నంతసేపూ, నేను చేరేసరికి ఆమె లేచి కూర్చుని ఉంటుందనే అనుకున్నాను. లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడు.

ముందు ఒక సంగతి తేల్చేస్తాను. శవం ఇంట్లో ఉండగానే మా చుట్టాల్లో ఒకామె "గీ వయసుల సైకిల్ తొక్కి తొక్కి పానం మీదికి తెచ్చుకున్నది" అంది. వాకిట్లో కూర్చున్నవాళ్లు అవునవునన్నారు. ఆ రోజు ఏడుపులో జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. మా పెద్దమ్మను సైకిల్ చంపలేదు. ఇన్నాళ్లు బతికించిందే అది. ఆ మాట అన్నామె భర్త ఏళ్ల తరబడి మంచం దిగకుండానే పోయాడు. ఆయన మంచాన్ని ఎవరూ తిట్టలేదు.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. కల్లు గీయడానికి తాళ్లెక్కే ఇంట్లో పుట్టి తాళ్లెక్కే ఇంటికే కోడలైంది. పెదనాన్న తాటిచెట్టు మీది నుంచి జారిపడి పోయేనాటికి ఆమె కరీంనగర్‌లో నర్సు చదువు చదువుతోంది. పిల్లల్లేరు. చదువు పూర్తిచేసి, కొన్నాళ్లు ఇక్కడి ఆస్పత్రుల్లో పనిచేసి, ఐర్లాండులో వృద్ధులను చూసుకునే ఒక నర్సింగ్ హోంలో ఉద్యోగం సంపాదించింది. మా వాడలో గల్ఫుకు మనిషిని పంపని ఇల్లు లేదు. ఐర్లాండుకు పోయిన ఆడమనిషి మాత్రం ఆమె ఒక్కతే.

అది ఆ దేశం పడమటి కొసన, మేయో అనే జిల్లాలో చిన్న పల్లె. బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలియదట. ఎవరో వాడి వదిలేసిన సైకిల్ ఒకటి నర్సింగ్ హోం షెడ్డులో ఉంటే దాన్ని బాగు చేయించుకుంది. మొదట డ్యూటీకి వెళ్లడానికే తొక్కింది. తర్వాత సెలవు దొరికితే చాలు, వెనుక చక్రానికి రెండు పక్కలా సంచులు తగిలించుకుని తోటి నర్సులతో కలిసి ఊళ్ల మీద పడింది. ఒక ఊళ్లో చాయ్, ఇంకో ఊళ్లో అన్నం, ఎక్కడ చీకటి పడితే అక్కడ ఎవరో ఒకరి ఇంట్లో అద్దె గది. మళ్లీ వేరే దారిన వెనక్కి రావడం.

ఆ దారుల గురించి ఆమె చెప్తుంటే మేం నోరు తెరుచుకుని వినేవాళ్లం. రోడ్లు ఎంత సన్నగా ఉంటాయంటే తారు మధ్యలో గడ్డి మొలుస్తుందట. రెండు పక్కలా సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. వాటి వెంట జుమ్కీల్లా వేలాడే ఎర్రపూల పొదలు. బురదనేలను ఇటుకల్లా కోసి, మనం పిడకలు ఎండేసినట్టు ఎండేసి, చలికాలం పొయ్యిలో పెట్టుకుంటారట. "మన్నును కాలవెడతరే! గా పొగ వాసన ఊరంత ఉంటది" అని ముక్కుపుటాలు ఎగరేసి చూపేది. గొర్రెలు రోడ్డుకు అడ్డంగా పడుకుంటే అవి లేచేదాకా ఆగాల్సిందే. పొద్దున వాన, మధ్యాహ్నం ఎండ, చాయ్ వేళకు మళ్లీ వాన. "వాన ఆగినంక పోదాం అనుకుంటే ఆడ ఇంట్లనే ముసలోళ్లమైతం" అనేది. నేను బడికి వెళ్లకపోవడానికి వానను సాకుగా చూపినప్పుడల్లా ఈ మాటే నా మీదికి విసిరేది.

ఆ దారుల మీద ఆమె ఒక తప్పు చేసింది. మా వైపు పుట్టిన ఆడది తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

మా వైపు ఎవరైనా పని మీద గడప దాటితే ముందు ఎవరు ఎదురొస్తున్నారో చూస్తారు. ముత్తైదువ వస్తే మంచిది. పక్కింటి ఆమెను పిలిచి "జర ఎదురు రా" అని కావాలని నడిపిస్తారు కూడా. మొగుడు పోయిన ఆడది ఎదురైతే వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరతారు. అందుకే అలాంటి ఆడవాళ్లు తామే ముందు తప్పుకుంటారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఒంటికే అలవాటైపోతుంది. పెద్దమ్మ ఆ అలవాటును సముద్రాలు దాటించి మోసుకుపోయింది.

"పొద్దుగాల డ్యూటీకి పోతుంటే ఎదురుంగ బండి అచ్చుడు చూస్తే చాలు, సైకిల్ దిగి గోడకు ఆనుకొని మొఖం అటు తిప్పుకునేదాన్ని" అని చెప్పేది. "పాపం, ఏం పని మీద పోతున్నరో, నా మొఖం ఎందుకు చూడాలె అని. ఒకనాడు ఒక ముసలాయన ట్రాక్టర్ ఆపి దిగిండు. ఏమ్మా, రోజు గీ గోడ కాడ నిలవడుతున్నవు, కడుపుల తిప్పుతున్నదా అని అడిగిండు."

 నా భర్త పోయాడు, కాబట్టి నేను ఎవరికీ ఎదురు రాకూడదు అని పెద్దమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది.  ముసలాయన నిజంగానే అనుమానం వచ్చినట్టు, "నా భార్య కూడా పోయింది. మరి నేను ట్రాక్టర్ నడపొచ్చా?" అని అడిగాడట.

"నాకు నవ్వు అచ్చింది, ఏడుపు గూడ అచ్చింది. మన దిక్కు పెండ్లాం పోయినోడు ఎదురొస్తే ఎవలన్న ఎనుకకు మళ్లిండ్రా? గా ముచ్చట నాకు ఎన్నడు తట్టనే లేదు సూడు" అనేది పెద్దమ్మ. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి ఆమె గొంతులో కోపం కొత్తగానే ఉండేది.

ఆ రోజు తర్వాత ఆమె ఏ గోడకూ ఆనుకోలేదు. ఆ పల్లెదారుల్లో ఎదురొచ్చిన ప్రతి మనిషికీ స్టీరింగు మీది నుంచి ఒక వేలు లేపి పలకరించడం ఆనవాయితీ అట. పెద్దమ్మ కూడా హ్యాండిల్ మీది నుంచి వేలు లేపడం నేర్చుకుంది.

ఉద్యోగం చాలించుకుని కోరుట్లకు తిరిగొచ్చి మా అమ్మతోపాటు ఉండసాగింది. అప్పటికి మా నాన్న కూడా పోయి కొన్నేళ్లయింది. పెద్దమ్మ వచ్చీరాగానే గేర్ల సైకిల్ ఒకటి కొని, చుట్టుపక్కల దారులన్నీ అక్కడి లెక్కన వెతికింది. పెద్ద రోడ్డు వద్దు, చిన్న దారి కావాలి. మధ్యలో మంచి చాయ్ దొరకాలి. పోయిన దారిన తిరిగి రాకూడదు. కోరుట్ల నుంచి కథలాపూర్ వైపు పసుపుచేల పక్కగా ఒక దారి, అక్కడి నుంచి చందుర్తి మీదుగా సిరిసిల్ల దాకా ఇంకో దారి. సిరిసిల్ల దగ్గరపడుతుంటే మగ్గాల చప్పుడు ముందు వినిపించాలి, ఊరు తర్వాత కనిపించాలి అనేది. తలకు హెల్మెట్, నుదుట బొట్టు, కాళ్లకు బూట్లు. ఆ మూడింటిలో వాడకట్టుకు ఎక్కువగా గుచ్చుకున్నది బొట్టే.

ఆదివారాలు నేనూ జగిత్యాల నుంచి వచ్చి కలిసేదాన్ని. వాడలో బీడీలు చేసే ఇద్దరు అక్కచెల్లెళ్లు కూడా వచ్చేవాళ్లు. వాళ్లలో చిన్నామె భర్త చనిపోయాడు. పెద్దమ్మ ముందు, మేం ముగ్గురం వెనుక.

కథలాపూర్‌లో జరిగింది చెప్పాలి. ఒక పొద్దున మేం మలుపు తిరిగేసరికి ఒక ఇంటి ముందు కారు, కారు మీద కట్టిన పెట్టె. కొడుకు దుబాయికి పోతున్నాడు. పెద్దమ్మ విధవరాలని ఆ దారి పొడుగునా అందరికీ తెలుసు. ఆ తల్లి మా మీదికి చేతులు ఊపుతూ వచ్చింది.

"ఆగు, ఆగు! గీ టైంకే రావాల్నా నువ్వు? నా కొడుకు నాలుగు పైసలకు పోతున్నడు!"

పెద్దమ్మ సైకిల్ ఆపింది కానీ పక్కకు జరగలేదు. "పోనీ అవ్వా. ఆయన పోయేది దుబాయ్, నేను పోయేది చందుర్తి. ఎవల తొవ్వ వాళ్లది" అంది.

వాళ్లు అతన్ని వెనక్కి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించారు. మేం ముందుకు వెళ్లిపోయాం అనుకుంటున్నారా? పెద్దమ్మ అలా పోయే మనిషి కాదు. ఎదురుగా హోటల్లో చాయ్ చెప్పింది. అతను మళ్లీ కారెక్కే వేళకు గ్లాసు కింద పెట్టి, సైకిలెక్కి, సరిగ్గా కారుకు ఎదురుగా వచ్చింది. ఆ తల్లి నెత్తి కొట్టుకుంది. మళ్లీ వెనక్కి పిలిచేదే. కారులో కూర్చున్న కొడుకే విసుక్కున్నాడు. "ఇగ సాలు తియ్యవే అవ్వా, ఫ్లైట్ పోతది!" కారు పక్కనుంచి వెళ్తుంటే పెద్దమ్మ వేలు లేపింది. అతను ఏమనుకున్నాడో గాని తిరిగి చెయ్యి ఊపాడు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. అతన్ని కొన్ని వారాలకే వెనక్కి పంపేశారు. అక్కడి వైద్య పరీక్షలో రక్తపోటు ఎక్కువుందన్నారట. తల్లీకొడుకులు కోరుట్లకు, మా ఇంటి మీదికి వచ్చారు. వాడంతా చుట్టూ చేరింది. ఆమె దుమ్మెత్తి పోసినంతసేపూ పెద్దమ్మ నిలబడి విన్నది. చివరికి లోపలికి వెళ్లి బీపీ మిషన్ తెచ్చి, ఆ కొడుకు చేతికి పట్టీ చుట్టింది. "గిది నేను ఎదురొస్తే ఎక్కలేదు తమ్మీ. ఎన్నడన్న చూపించుకున్నవా? రేపటి సంది గోళీలు ఏసుకో. తక్కువైతే మళ్ల పోదువు. గప్పుడు గూడ నేను ఎదురొస్త" అంది.

అతను మందులు వాడాడు. మళ్లీ వెళ్లాడో లేదో నాకు తెలియదు. వెళ్లి బాగుపడ్డాడని చెప్తే పెద్దమ్మ ఎదురు మంచిదని రుజువు చేసినట్టు ఉంటుంది. ఆమెకు ఆ రుజువు అక్కర్లేదు. మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, తొవ్వ మీద ఒక మనిషి, అంతే అన్నదే ఆమె వాదన.

ఆమె నోరు మూయించింది ఒక్కరే, మా అమ్మ. నాన్న పోయిననాటి నుంచి నేను ఇంట్లోంచి బయలుదేరే వేళకు అమ్మ వెనుక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. కన్నబిడ్డకు కూడా ఎదురు రాకూడదని. నేను బతిమాలాను, పెద్దమ్మ తిట్టింది. కథలాపూర్ వాళ్లు వచ్చి వెళ్లిన సాయంత్రం అమ్మ వంటింట్లోంచే అంది: "నువ్వు చెప్పుడు అల్కగనే ఉంటది అక్కా. నీకు ఇంకో దేశం ఉండె. నాకు గీ వాడ ఒక్కటే ఉన్నది."

పెద్దమ్మ వెళ్లి అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లింది.

మోదుగులు పూసినంక వీర్నపల్లి గుట్టల దాకా పోదామని ఈ ఏడు అనుకున్నాం. పూలు పూశాయి, ఆమె పోయింది. కర్మలు కాగానే చుట్టాలు ఆ సైకిల్ ఎవరికైనా ఇచ్చేయమన్నారు, ఇక ఈ తిరుగుళ్లు చాలన్నారు. ఈ ఆదివారం మేం గుట్టలకు వెళ్తున్నామని చెప్పాను. అయితే శనివారం సాయంత్రం బీడీల చిన్నామె మా ఇంటికి వచ్చింది.

"నేను రానక్కా. పెద్దమ్మ ఉన్నన్ని రోజులు ఎవలేమన్న ఆమెనే అనేటోళ్లు. ఇప్పుడు నన్నంటరు" అంది.

"అననీ" అన్నాను. అనడం తేలికే. నా మెడలో పుస్తెలున్నాయి, నన్నెవరూ ఏమీ అనరు. ఆ మాట ఆమె నాతో అనలేదు, చూపుతోనే అంది. అమ్మ మాకు చాయ్ పోసి లోపలికి వెళ్లిపోయింది.

తెల్లవారాక చిన్నామె వచ్చింది, అక్క బలవంతం మీద, తల కిందికి దించుకుని. పొయ్యి మీద చాయ్ కాగి ఉంది. అమ్మ కనిపించలేదు. వెనుక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను పిలవలేదు. సైకిలెక్కాను.

వాడ దాటి పెద్ద రోడ్డు ఎక్కే మలుపు దగ్గర కిరాణా దుకాణమాయన ఊడుస్తున్నవాడల్లా చీపురు ఆపి నిలబడ్డాడు. అతను చూస్తున్న వైపు చూశాను. రోడ్డు వైపు నుంచి మా అమ్మ వస్తోంది. దొడ్డిదారిన ముందే వెళ్లి, చుట్టూ తిరిగి, ఇప్పుడు వాడకు ఎదురుగా వస్తోంది. చేతిలో ఏమీ లేదు. నుదురు బోసిగానే ఉంది. దారి మధ్యలో నడుస్తోంది.

చిన్నామె బ్రేక్ వేసింది.

"ఎందుకాగినవే? పా" అంది అమ్మ. తర్వాత అందరికీ వినపడేలా అంది: "తొవ్వల ఎవలన్న ఏమన్న అంటే, పొద్దుగాల్నే నేను ఎదురొచ్చిన్నని చెప్పుండ్రి. నా పేరు చెప్పుండ్రి."

మేం ఆమెకు రెండు పక్కల నుంచి సాగిపోయాం. మలుపులో తిరిగి చూశాను. మా వెనుకే పనులకు బయలుదేరిన స్కూటర్లు, పాలబండి, బస్సు కోసం సంచితో గబగబా నడుస్తున్న ఒకాయన. వాళ్లందరికీ ఎదురుగా, పక్కకు జరగకుండా, మా అమ్మ నడుస్తూనే ఉంది.