నా సొంత పార్టీ, నా సొంత క్యాంపెయిన్

మా గోదావరిఖనిలో ఒకప్పుడు క్యాంపెయిన్ అంటే యూనియన్ ఎన్నికల ప్రచారమే. ఆ మాటకు ఇంకో అర్థం ఉండొచ్చని ఎవరైనా అంటే వాళ్లకు జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టి చూసేవాళ్లు. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే ఆటోల మీద మైకులు, గేటు మీటింగులు, టీ హోటల్లో ఎవడు ఎటువైపో లెక్కలు తేల్చే పంచాయితీలు. ఏ బెంచీ మీద కూర్చొని చాయ్ తాగావన్నదాన్ని బట్టి నీ జాతకం చెప్పేసేవాళ్లు. పార్టీ అన్న మాటా అంతే. ఈ రెండు మాటలకూ వేరే అర్థం తెలిసినవాళ్లు ఊరు మొత్తం మీద నలుగురైదుగురుంటే, వాళ్లంతా ఆదివారం మధ్యాహ్నాలు మా క్వార్టర్ ముందు గదిలోనే కూర్చునేవాళ్లు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కాని, అప్పట్లో ఆ తెలివి మా ఇంటి మీదికి పెద్ద గండమే తెచ్చింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ పూర్తిచేసి, చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు టైపింగ్ నేర్పేదాన్ని. అక్కడే పరిచయమయ్యాడు జ్యోతినగర్ ఇంజనీరుగారి అబ్బాయి. పుణెలో చదువుకుంటూ సెలవులకు వచ్చినప్పుడు ఒక సంచీ నిండా వింత పాచికలు తెచ్చాడు. ఒక్కోదానికి ఇరవై ముఖాలు! (ఆ రోజు నుంచి అతని పేరు పాచికలోడు.) ఆట కూడా పాచికల్లాగే వింత. ఒకరు కథ చెప్పాలి. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషైపోయి, నేను ఈ తలుపు తెరుస్తాను, నేను ఆ రాక్షసుడితో మాట్లాడతాను అని చెప్పాలి. పని అయిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. నెలల తరబడి సాగే ఆ కథను క్యాంపెయిన్ అంటారట, కలిసి తిరిగే ఆ మనుషుల గుంపును పార్టీ అంటారట. పెట్టిన పేర్లు మావి కావు, మా తప్పేమీ లేదు. కథ చెప్పే పని నాకు పడింది, నోరు నాకే ఎక్కువని అందరూ ఒక్కమాట మీద తేల్చారు కనుక. ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నం తిని మొదలుపెడితే, అమ్మ దీపాల వేళ చీపురు పట్టుకొని గుమ్మంలో నిలబడేదాకా ఆడేవాళ్లం.

నేను కల్పించిన రాజ్యం ఏడంతస్తులు, ఏడూ భూమి కిందే. గని కార్మికుల పిల్లలం కదా, కొండలూ కోటలూ ఉన్న రాజ్యం ఊహకే రాలేదు. రెక్కల రాక్షసి ఒకదాన్ని పెడదామనుకుంటే, "రూఫ్ ఎత్తు సరిపోదక్కా, రెక్కలు తాకుతయ్" అని మా చిన్నాన్న కూతురు కొట్టిపారేసింది. మొదట్లో అంతా కాగితాల మీద రాసేదాన్ని. వాటిలో సగం అమ్మ చేతిలో పడి కూరగిన్నెల కిందికి పోయాయి. కథలో ఒక ఆదివారం చనిపోయిన పూటకూళ్లమ్మ మూడో ఆదివారం లేచి వచ్చి అందరికీ అన్నం వడ్డించింది. ఆమె పోయిన సంగతి నేనే మరిచిపోయాను! వాళ్లు నన్ను ఏడిపించిన ఏడిపింపుకు రోషం వచ్చి, మా సెంటర్లో తీసేసిన పాత కంప్యూటర్ ఇంటికి తెచ్చుకొని, ఇలాంటి ఆటల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ ఒకటి పాచికలోడి చేత సీడీలో తెప్పించుకున్నాను. అది బంగారం. మనిషి పేరు నొక్కితే అతని ఊరు, గుణం, రహస్యాలు అన్నీ వచ్చేవి. ఎవరు ఎవరి మనిషో గీతలు గీసి చూపేది, స్నేహమైతే పచ్చగీత, పగైతే ఎర్రగీత. తెర పైన మాత్రం "క్యాంపెయిన్ మేనేజర్" అని ఇంత లావు అక్షరాలు. ద్వారపాలకుడి మీసం రంగు కూడా ఎక్కించాను. నిజం చెప్పాలంటే ఆడినదానికన్నా ఎక్కించిందే ఎక్కువ.

ఇక మా బాపు సంగతి. అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి చేసి ఆయన మోకాళ్లు పోయాయి. డ్యూటీ నుంచి వచ్చి మెట్టెక్కాలంటే గోడ పట్టుకొనేవాడు. గని దిగేటప్పుడు ఎక్కడ జారి పడతాడోనని అమ్మ, నేను షిఫ్టు అయ్యేదాకా బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్లం. కంపెనీ దవాఖానలో తేలిక పని ఇవ్వాలని రాశారు, కాని సర్ఫేస్ మీద, అంటే గని పైన, ఖాళీ రావాలి, వస్తే మనకే దక్కాలి. అది దక్కించాల్సింది ఆ గనిలో యూనియన్ పెద్ద, పిట్ సెక్రటరీ. కాలనీ మొత్తానికి ఆయన కాక. (మా బాపు ఆయనకన్నా పెద్దవాడు. అయినా కాకా అనే పిలిచేవాడు.) ఎప్పుడు అడిగినా కాక ఒకే మాట అనేవాడు, "అయితది." వానాకాలం పోయి ఎండాకాలం వచ్చినా అదే మాట. కడుపుమంట ఆపుకోలేక నా ఏడో అంతస్తు సింహాసనం మీద ఒక రాజును కూర్చోబెట్టాను. పేరు అయితది రాజు. ఎవరు ఏం అడిగినా అయితది అంటాడు, ఏదీ చెయ్యడు.

ఎన్నికల వేడి మీదున్నప్పుడే ఒక రోజు టీ హోటల్లో ఎవరో బాపును అడిగారట, మీ బిడ్డ ఏం చేస్తుందని. బాపుకు నేనంటే ఎంత గర్వమో నాకు తెలుసు, ఆయన మాట ఎక్కడ ఆగదో కూడా తెలుసు. "మా బిడ్డ కంప్యూటర్ల క్యాంపెయిన్ నడుపుతుంది. సొంత పార్టీ ఉన్నది దానికి" అన్నాడట. హోటల్లో అందరూ చాయ్ గ్లాసులు కింద పెట్టి ఆయన వైపు తిరిగారట. బాపు మాత్రం అందరూ మెచ్చుకుంటున్నారనుకొని ఇంకో చాయ్ చెప్పాడట.

ఆ ఆదివారమే, ఆట మధ్యలో, కాక మా గుమ్మంలో నిలబడ్డాడు. వెంట యూనియన్‌లో తిరిగే ఒకాయన, అందరూ అన్న అనేవాళ్లు. బాపు లేవబోయి మోకాలు పట్టేసి మళ్లీ కూర్చున్నాడు. అమ్మ చాయ్ పెడతానని లోపలికి పోయింది. కాక మాత్రం నా వైపే చూస్తూ కుర్చీ లాక్కున్నాడు.

"ఏం బిడ్డా, క్యాంపెయిన్ చేస్తున్నవట. ఎవల దిక్కు?"

"ఎవల దిక్కు లేదు కాకా. నా సొంతది."

"పార్టీల ఎంతమంది ఉన్నరు?"

"నలుగురే. ఇప్పుడు అందరు గని కిందనే ఉన్నరు."

"మన గనిలనా?"

"మూడో అంతస్తుల కాకా. కాపలాదార్లను తమ దిక్కు తిప్పుకుంటున్నరు."

కాక మొహం ఎర్రబడింది. నాకు ఇంకా వెలగలేదు చూడండి! ఆట గురించి ఒక పెద్దమనిషి ఇంత శ్రద్ధగా అడుగుతున్నాడని లోపల మురిసిపోతున్నాను. యూనియన్ అన్న నా వెనక తెర వైపు చూసి, "కాకా, గీడ రాసే ఉన్నది, క్యాంపెయిన్ మేనేజర్ అని. పచ్చగీతలు, ఎర్రగీతలు... పైకి రాజు మనుషులు, లోపల ఎదుటోళ్ల మనుషులు అని గూడ రాసిండ్రు. గీళ్లు మన సెకండ్ షిఫ్టోళ్లే అయి ఉంటరు!" అన్నాడు. అప్పుడు వెలిగింది. బాపు సర్ఫేస్ డ్యూటీ నా చేతులారా ఎర్రగీత కిందికి పోతోందని అర్థమైంది.

"ఆట కాకా! ఉత్త ఆట!" అన్నాను. ఆట అని నిరూపించాలని పాచికలోడు ఉత్సాహంగా ముందుకొచ్చి, "చూడండి అంకుల్, రాజు కూడా ఉన్నాడు" అంటూ మౌస్ నొక్కాడు. నేను అతని చెయ్యి పట్టుకొనేలోపే అయితది రాజు తెర నిండా పరుచుకున్నాడు. యూనియన్ అన్న బిగ్గరగా చదవడం మొదలుపెట్టి, సగంలో తెలివి తెచ్చుకొని, నవ్వును దగ్గుగా మార్చాడు. బాపు తల దించుకున్నాడు. కాక కుర్చీ తెర దగ్గరికి జరుపుకొని అక్షరం అక్షరం చదువుకున్నాడు.

"గీ రాజు వేషం ఎవలది?" అన్నాడు చివరికి.

"ఎవలది లేదు కాకా. నేనే మాట్లాడుత."

"నాకియ్యి. ఎట్ల ఆడాలె చెప్పు."

వద్దనడానికి నాకు ధైర్యం లేదు. కాని ఒకసారి కథ చెప్పే పీట మీద కూర్చున్నాక నా నోరు నా మాట వినదు. "రాజా, నీ దర్బారుకు ఒక ముసలి కార్మికుడొచ్చిండు. మోకాళ్లు వంగుతలెవ్వు. నన్ను భూమి మీదికి తోలు రాజా అని మొక్కుతుండు. ఏం జేస్తవ్?" అన్నాను.

"అయిత..." అన్నాడు కాక, అలవాటు కొద్దీ. సగంలో ఆగాడు. ముందు నవ్వింది వంటగది గుమ్మంలో చాయ్ పళ్లెంతో నిలబడ్డ అమ్మ. తర్వాత కాకే పడి పడి నవ్వాడు. ఆ నవ్వు వినగానే నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నేను పాచిక అందించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేశాడు.

"గిది పాచికల మీద పెట్టే ముచ్చటనా బిడ్డా? పైకి తోల్తున్న. రాజు మాట."

చాయ్ తాగి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా బాపుకు ఆర్డరొచ్చింది, ల్యాంప్ రూమ్‌లో పని. గని దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వాలి, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవాలి, అంతే. మొదటి రోజు బాపు చొక్కా నలగకుండా ఇంటికొచ్చాడు. అమ్మ అలవాటుగా సబ్బు, నీళ్లు తెచ్చి పెట్టింది. కడుక్కోవడానికి ఏమీ లేక బాపు అరచేతులు తిప్పి చూసుకుంటూ నవ్వాడు. అమ్మ అక్కడే కూర్చొని ఏడ్చింది. ఆ రాత్రి పడుకున్నంత నిశ్చింతగా నేను మళ్లీ ఎప్పుడూ పడుకోలేదు.

బాపును బొగ్గుబావి నుంచి పైకి లాగింది నేనేనని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకంతో కాలనీలో కొంచెం మెడ ఎత్తే నడిచాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది కాక రిటైర్మెంట్ దావత్‌లో చనువు తీసుకొని అడిగాను, నా ఆట వల్లే కదా కాకా అని. ఆయన చికెన్ ముక్క పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"పిచ్చి బిడ్డా, గా ఆదివారం ముందు రోజే గని మేనేజర్ సంతకం పెట్టిండు. మీ బాపుకు గా మాట చెప్పనీకే వచ్చిన. హోటల్ ముచ్చట గూడ అడిగి పోదామనుకున్న."

"మరి గప్పుడే చెప్పొద్దా కాకా? మా పాణాలు తీసినవ్ గద!"

"ఎట్ల చెప్త? నువ్వు నన్ను రాజును జేస్తివి. రాజుకు బదులు సంతకం మేనేజర్ పెట్టిండని చెప్తే ఏం ఇజ్జత్ ఉంటది?"

నాకు నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. అయితది అన్న ప్రతిసారీ ఆయన ఆఫీసు మెట్లెక్కి దిగుతూనే ఉన్నాడన్నమాట. ఎవరి వల్లయితేనేం, మా బాపు వెలుతుర్లోకి వచ్చాడు, అంతకన్నా నాకు కావలసింది లేదు. కాని ఇరవై ముఖాల పాచికను పిడికిట్లో పట్టుకొని, తన రెండు మాటలతో తండ్రిని గెలిపించానని పొంగిపోయిన ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడైనా ఎదురుపడితే, ఈ సంగతి మాత్రం చెప్పను. ఇంకొన్నాళ్లు మెడ ఎత్తుకొని నడవనీ అనిపిస్తుంది.