ఓడిన కేసుకు మొక్కు

తిరువళ్లూరులో రైలెక్కగానే ఇంటికి ఫోన్ చేసి, "పనామె వచ్చిందా?" అని అడిగాను. ఎదురు సీటులో ఉన్నావిడ నావైపు చూసి, ఒళ్లో పడ్డ పొడవాటి జడను నిమురుకుంది. తిరుత్తణిలో గుండు చేయించుకోవడానికి పోతున్నానంది.

ఆవిడ ఢిల్లీలో ఒక విదేశీ దౌత్యాధికారి ఇంట్లో వంట చేసేదట. తనను లోపల పెట్టి తాళం వేసేవాళ్లని కేసు పెట్టిందట. దౌత్యాధికారిని విచారించే అధికారం తమకు లేదని కోర్టు దాన్ని కొట్టేసిందట. ఆ కేసు కోసం మొక్కుకున్న మొక్కే ఈ గుండట.

"ఓడిపోయిన కేసుకు మొక్కేమిటమ్మా?" అన్నాను నవ్వాపుకుంటూ.

"గెలవాలని మొక్కలేదక్కా. కోర్టులో నా పేరు పిలిస్తే చాలని మొక్కుకొన్నా. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నన్ను 'మెయిడ్' అనే పిలిచినారు. కోర్టులో బంట్రోతు వరండాలోకి వచ్చి, నా పేరూ మా నాయన పేరూ చేర్చి మూడుసార్లు గట్టిగా పిలిచినాడు. అందరూ తిరిగి చూసినారు."

తర్వాత మామూలుగానే అడిగింది: "మీ ఇంట్లో పనిచేసే ఆమె పేరేందక్కా?"

ఏళ్లుగా మా గిన్నెలు తోముతున్న మనిషి. పేరు నోటికి రాలేదు. తిరుత్తణి కొండ కనబడేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.