సుక్కమ్మ మంద

పానగల్ కురుమల సుక్కమ్మ పొద్దున్నే ఒక్కో గొర్రె కనురెప్ప తిప్పి రక్తం ఎర్రగా ఉందో, పాలిపోయిందో చూస్తుంది, తర్వాత దూరం జరిగి మంద నడక చూస్తుంది. రజాకార్లు గుట్ట దారి మూసినప్పటి నుంచి గొర్రెలు మడుగు గడ్డే మేస్తూ, దవడ కింద నీరు పట్టి చస్తున్నాయి. నైజాం లొంగిపోయాడన్న కబురు వచ్చిన రోజు మరొకటి పడిపోయింది. ఇది ఊరి దేవత మైసమ్మ కోపమని, పొట్టేలును బలిగా కోద్దామన్నాడు భర్త పర్వతాలు. సుక్కమ్మ చచ్చిన గొర్రెనే కోసి, కార్జం చీల్చింది. ఆకుల్లాంటి పురుగులు కదిలాయి.

“మైసమ్మ కోపం గాదయ్యా! మడుగు గడ్డిల పురుగిది. కార్జాన్ని తిన్నది, కార్జం పోయి గొర్రె పోయింది, గిట్లే మందంత పోతాంది. గుట్టకు తోలుదాం పా!”

“రజాకార్లు పోయిన్రో లేదో ఎవలకెరుక? మన కార్జాలు చీరుతరే!”

“జర భయం ఆపు. ఈడుంటే మందే ఉండది.”

కొంగు నడుముకు చుట్టి, ముందు గొర్రెను గుట్టకేసి అదిలించింది. మందంతా ఒక్క ఒళ్లులా కదిలింది.