పటేల్ నడుముకున్న వేటకత్తి

మా పక్క చేను పటేల్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లారీ కమాన్ పట్టీతో కొట్టించిన వేటకత్తి ఎప్పుడూ ఆయన నడుముకే ఉండేది. మాట్లాడుతూనే దానితో ముంజేతి వెంట్రుకలు గీసుకునేవాడు.

ఓసారి బోధన్ దగ్గరి మా చేనులో చెరుకు చివరి సాళ్లు కొడుతుంటే, లోపల దాక్కున్న అడవిపంది బయటికి దూకి మా బాపు తొడ చీల్చింది. పటేల్ గబగబా ఎడ్లబండి ఎక్కాడు. కూలీలు గొడ్డళ్లతో పందిని చంపాక దిగివచ్చి, దాని మెడలో కత్తి దించాడు. ఆఖరి పోటు పొడిచినవాడికే తలకాయ అని మా దగ్గర రివాజు. తలకాయ ఆయనింటికే పోయింది.

అక్క పెళ్లిలో అందరికీ కత్తి చూపిస్తూ, "గా పందిని గిదే పడగొట్టింది" అన్నాడు. బాపు కుంటుకుంటూ వెళ్లి ఆ కత్తి అడిగి తీసుకుని, వంటల కాడ కూర్చొని ఉల్లిగడ్డలు కోశాడు. నలుగురూ వినేలా అన్నాడు:

"ఇన్నొద్దులకు నీ కత్తి పనికొచ్చింది పటేలా!"