నల్లబల్ల మీద ఖాళీ వరస

జూన్ పద్దెనిమిది, బుధవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. పక్కింటి రైతు మొలకకు నానబెట్టి మండె కట్టిన వరివిత్తనాల గోనెసంచి విప్పాడు. వెచ్చటి, కాస్త పులిసిన ఆ వాసన గోడ దాటి మా వంటగదిలోకి వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి అలాగే నిలబడిపోయాను. నానిన గింజ మొలకెత్తే ఈ వాసనలోనే నేను ముప్పై రెండేళ్లు ఉద్యోగం చేశాను. అది తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది గింజలు కావు, పైడమ్మ గారు.

విజయనగరంలో మాది విత్తనాల పరీక్షశాల. రైతులకు అమ్మబోయే విత్తనాల్లోంచి కొన్ని తెచ్చి, తడి కాగితాల మధ్య పరిచి, ఎన్ని మొలుస్తాయో చూసి చెప్పడం మా పని. వరికైతే ఐదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఒకసారి చూడాలి. ఆ రోజు దాటితే వేళ్లు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, బూజు పట్టి, లెక్కకు అందవు. పైడమ్మ గారు మా అధికారి. శృంగవరపుకోట దగ్గర రైతుల ఇంట పుట్టి, పెద్ద చదువు చదివారు. యాస మాత్రం మార్చుకోలేదు. తన పై అధికారులతో కూడా ఊళ్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు.

నేను చేరేనాటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఆమదాలవలస నుంచి రోజూ పాసింజరులో వెళ్లి వచ్చేదాన్ని. మొదటిరోజే అడిగారు.

"పిల్లలున్నారా?"

"ఒక పాపండి, ఎనిమిది నెలలు. మా అత్తగారు చూసుకుంటారు. ఆఫీసుకి ఇబ్బంది రాదండి."

"నేనడిగింది పాప గురించి, ఆఫీసు గురించి కాదు. మళ్లీ టీకా ఎప్పుడు?"

తేదీ చెప్పాను. నా చేతిలో సుద్దముక్క పెట్టి గోడ మీది నల్లబల్ల చూపించారు. దాని మీద ఏ గింజలు ఏ రోజు చూడాలో రాసి ఉంది. వాటి పక్కనే మా అందరి పేర్లు, పేరు పేరుకీ ఒక వరస. ఒకామె కొడుక్కి పరీక్షలు, ఇంకొకామె కూతుర్ని బళ్లో వేసే రోజు. ఆ రోజుల్ని చూసుకునే పని పంచేవారు. నాకు తెలిసిన ఆఫీసుల్లో ఆడవాళ్లు పిల్లలకు జ్వరమొస్తే తమకు జ్వరమని సెలవు రాసేవారు. ఇక్కడ ఆ అవసరం లేదు.

"మేడమ్, ఇది విత్తనాల ఆఫీసా, పురుళ్ల ఆస్పత్రా?" అన్నాడు మా గుమాస్తా ఒకసారి.

"నీకూ ముగ్గురున్నారు కదేటి? నీ వరస కూడా రాయి" అన్నారామె. మర్నాడు నవ్వుకుంటూనే రాశాడు.

నాకు అంతుబట్టనిది ఒక్కటే. ఆ బల్ల మీద పైడమ్మ గారి పేరు కూడా ఉండేది. ఆ వరస ఎప్పుడూ ఖాళీయే. ఇద్దరు కొడుకులున్నారని అందరికీ తెలుసు. ఆమె రాసుకునే మేజా అద్దం కింద వాళ్ల ఫొటో ఉండేది. పెద్దవాళ్లయిపోయారు కనక రాయరేమో అనుకున్నాను. కానీ పేరెందుకు ఉంచారు? సుద్ద చేతికొచ్చినప్పుడల్లా అటే చూసేదాన్ని.

పాపకు ఏడాదిన్నర వచ్చేసరికి, హైదరాబాదులో నాలుగు నెలల శిక్షణకు నన్ను పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అది పూర్తి చేస్తేనే నాకు పై పదవి. నాకు ఆ పదవి కావాలి, చాలా కావాలి. సరిగ్గా ఆ వారమే పాపకు మాటలొచ్చాయి. మా అత్తగారిని "అమ్మా" అంది. నన్ను "వదినా" అంది. ఇంట్లో ఇద్దరు ఆడపడుచులు రోజంతా నన్ను తలుచుకునేది ఆ పేరుతోనే మరి. అందరం నవ్వాం. భోజనాల వేళ ఆఫీసులోనూ ఆ ముచ్చట చెబితే అందరూ నవ్వారు. పైడమ్మ గారు నవ్వలేదు. క్యారియరు మూత పెట్టేశారు.

"నా పిల్లల్ని మా అన్న ఇంట్లో ఒదిలి సదువుకెళ్లాను. అన్న పిల్లలకి నేను అత్తని. తిరిగొచ్చేసరికి నావోళ్లూ అత్తా అన్నారు. నేనూ నీలాగే నవ్వాను."

"తరవాత మారలేదాండి?"

"పెద్దోడికి ఇరవై ఆరు. మొన్న ఫోన్ సేసి 'అత్తా, బాగున్నావా' అన్నాడు. మంచోడే. ఏ లోటూ సెయ్యడు."

"అందుకేనా మీ వరసలో..."

"ఆళ్ల పరీక్షలు, జ్వరాలు నాకెవరూ సెప్పలేదు. నేనూ అడగలేదు. ఏటి రాయను?"

శిక్షణకు వెళ్లనన్నాను.

"ఎళ్లకపోతే మాట మారుతాదేటి? పొద్దున్న పోయి రాత్రికొస్తన్నావు. ఇంట్లోవోళ్లు మారిస్తే మారతాది. నువ్వు ఎళ్లు. ఆదివారం నేనొస్తాను."

అన్నట్టే ఆదివారం బెల్లం పొట్లంతో మా ఇంటికి వచ్చారు. మా అత్తగారు విషయమంతా విని, "వదినా అంటే ఏటైపోయిందమ్మా? పెద్దయితే అదే మారతాది" అంది.

"నా కొడుకులు మారలేదమ్మా."

అత్తగారు పమిటతో చేతులు తుడుచుకుంది. "అయితే ఏటి సెయ్యమంటావు?"

"ఈ ఇంట్లో ఎవరూ దీన్ని వదినా అనకండి, కోడలా అనకండి. ఇది ఊళ్లో లేకపోయినా అమ్మ అనే సెప్పుకోండి. పాప వినాలి. నువ్వు నానమ్మవని నువ్వే సెప్పాలి."

మా చిన్నాడపడుచు ఊరుకోలేదు. "రేపు మా అన్నయ్య కూడా అమ్మా అంటాడేటండి?"

"ఆడూ అనాలి" అన్నారు పైడమ్మ గారు. మా ఆయన లేచి వీధరుగు మీదికి వెళ్లిపోయారు.

హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ నాకు అదొక్కటే కుతూహలం. చదివేటప్పుడు చదివాను, పరీక్షలు బాగానే రాశాను. కానీ ఇంట్లో నాటిన మాట మొలిచిందో లేదో చూసే రోజు నా చేతుల్లో లేదు. తిరిగొచ్చి ఆమదాలవలసలో రైలు దిగితే అత్తగారు పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా, "అమ్మా, వచ్చీసేవా" అని అత్తగారే నన్ను పిలిచింది. పాప ఆవిడ మొహం చూసింది, నా మొహం చూసింది. "వదినమ్మ" అంది.

మర్నాడు చెబితే పైడమ్మ గారు మొదటిసారి నవ్వారు. "ఐదో రోజుకి సగమే మొలుస్తాది. పద్నాలుగో రోజు దాకా సూడు."

ఆ ఏడాదే అక్టోబరు తొమ్మిది సాయంత్రం పాప వేలు తలుపు సందులో పడింది. "అమ్మా" అని ఒకటే ఏడుపు. పొయ్యి దగ్గర అత్తగారు, వాకిట్లో నేను. అత్తగారే దగ్గర. ఆవిడ గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది, కదల్లేదు. నేను పరుగెత్తాను.

కొన్నేళ్ల తరవాత పైడమ్మ గారి కుర్చీలో నేనూ కూర్చున్నాను. నల్లబల్ల తీయనివ్వలేదు. ఆవిడ పోయినప్పుడు శృంగవరపుకోట వెళ్లాను. ఇద్దరు కొడుకులూ "అత్తా" అనే ఏడ్చారు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా చిన్నపిల్లలుంటే, వాళ్ల ఎదుట ఆ తల్లిని నేను "అమ్మా" అనే పిలుస్తాను. నన్ను చాదస్తురాలంటారు. అననివ్వండి.

పోయినవి ఇవి. నాకు: నాలుగు నెలలు, పాప మొదటి పరుగు, ఆ మధ్య వచ్చిన పళ్లు. మా అత్తగారికి: చంకలో పిల్ల "అమ్మా" అనే పిలుపు, తనంతట తానే వదులుకున్నది. పైడమ్మ గారికి: అలాంటి పిలుపులే రెండు.