సుందరమ్మ తోమిన వాల్వులు

జీడిమెట్లలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు లేతు మిషను మీద పని చేశాను. ఎవరు పరిచయమైనా ముందు ఈ మాటే చెబుతాను. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా నా వేలికి తెలిసిపోతుందనేది రెండో మాట. మూడో మాటకు వచ్చేలోపు మా ఆవిడ రెబెక్కా చాయ్ పెడతానని లేచి వంటింట్లోకి పోతుంది. ఆ మొదటి రెండూ ఆమె పెళ్లయినప్పటి నుంచీ వింటోంది.

అంత పనిమంతుణ్ణి రిటైరై ఊరుకుంటానా? యాప్రాల్‌లో ఒక మిలిటరీ డాక్టరు అమ్ముతున్నాడంటే పోయి వీటెక్ అనే రకం ఇంజను ఉన్న పాత కారు కొన్నాను. ఇరవై నాలుగేళ్ల బండి. కొత్తలో అలాంటిదే మా ఫ్యాక్టరీ మేనేజరుకు ఉండేది. ఇంజను నిమిషానికి ఐదు వేల చుట్లు దాటగానే దాని గొంతు మారిపోయేది. సాయంత్రం ఆయన గేటు దాటి రోడ్డెక్కి తొక్కాడంటే, నేను సైకిలు పట్టుకుని ఆ గొంతు వినపడినంత సేపూ నిలబడిపోయేవాణ్ణి. ఎప్పటికైనా నా కాలి కింద ఆ గొంతు వినాలని అప్పుడే అనుకున్నాను.

నేను కొన్న బండికి గొంతు కంటే ముందు పొగ వచ్చింది. నీలం పొగ. మేడ్చల్ నుంచి పేట్ బషీరాబాద్ దాకా పోతే, దోమల మందు బండి వచ్చిందనుకుని రోడ్డు పక్క జనం కిటికీలు మూసుకునేవారు. చెక్‌పోస్టు దగ్గర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ పరమేశ్‌కు చూపించాను.

"అన్నా, ఇంజను మొత్తం విప్పాలె. నాకిడిసిపెట్టు, పదిహేను దినాలల్ల జేసిస్త" అన్నాడు.

"నేనే జేసుకుంట" అన్నాను. పరమేశ్ ఇరవై ఏళ్లుగా ఇవే ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. అయినా నా లెక్కలో అతనికి ఒక లోటు ఉంది. లేతు మీద పని చేయలేదు.

ఇంటి వెనక రేకుల కింద చైను పుల్లీ కట్టి ఇంజను దించాను. సిలిండర్లు గాజులరామారంలో బోరింగు చేయించాను. సిలిండర్ల పైన కూర్చునే హెడ్డు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అందులో పదహారు వాల్వులు, గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే మూతలు. ఒక్కో వాల్వును అది కూర్చునే సీటు మీదే గరుకు పేస్టు రాసి నూరాలి. దేన్ని ఎక్కడ నూరామో అది అక్కడికే పోవాలి. తారుమారైతే గాలి కారుతుంది. కాబట్టి వాటిని వరసగా నిలబెట్టడానికి ఏదో ఒకటి కావలసి వచ్చింది.

మా చర్చి శామీర్‌పేట రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో నడుస్తుంది. సామాను పెట్టుకునే గది లేక, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల సామాను సంఘ పెద్దనైన నా ఇంట్లో ఉంచుతాం. ద్రాక్షరసం పోసే బుల్లి గ్లాసులు, అవి కూర్చునే రంధ్రాల ట్రేలు రెండు. వాడుకలో ఉన్నది ఒకటే. రెండోది అటక మీద ఉంది. దాన్ని దించి, రంధ్రానికో గ్లాసు పెట్టి, గ్లాసులో వాల్వు కాడ దించితే తల పైన గొడుగులా నిలిచింది. కొలిచి చేసినట్టు కుదిరింది. ఇలా వాడుకోవచ్చా అని సంఘ పెద్దను అడగాలి కదా. నన్ను నేను అడిగాను, నేను సరేనన్నాను. ఒకటి నుంచి పదహారు దాకా సుద్దముక్కతో అంకెలు కూడా వేశాను.

ఇక్కడ సుందరమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాక ఇటుక బట్టీల్లో, ద్రాక్ష తోటల్లో కూలి చేసి బతికింది. చదువు రాదు. పాడే గొంతు లేదు. కానుకల పెట్టెలో గట్టిగా వేసే స్తోమత లేదు. చర్చిలో ఆమెకంటూ ఉన్నది ఒక్కటే పని. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. దాని ముందు శనివారం మా ఇంటికి వచ్చి ఆ గ్లాసులు, ట్రే తోముతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ పని ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

ఆ ఏప్రిల్‌లో మొదటి ఆదివారమే ఈస్టరు పడింది. జనం ఎక్కువ వస్తారని పెద్దమ్మ రెండో ట్రే కూడా వెతుక్కుంది. నేను ఇంజను అతుకుల్లో పెట్టే గాస్కెట్ల కోసం గాజులరామారం పోయాను. రెబెక్కా పాటల ప్రాక్టీసుకు పోయింది. పెద్దమ్మకు మా గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

నేను వచ్చేసరికి ట్రే ఎండలో తళతళలాడుతోంది. పక్కన బేసినులో నా పదహారు వాల్వులు, మీద శుభ్రమైన తువ్వాలు కప్పి ఉన్నాయి. అంకెల్లేవు, వరసల్లేవు. పెద్దమ్మ చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"ఎవలు బెట్టిండ్రు బిడ్డా గీ నల్ల మొలలు దేవుని గిలాసలల్ల? మస్తు జిడ్డున్నది. చింతపండు, బూడిద బెట్టి తోమిన. ఇగ సూడు, ఎట్ల మెరుస్తున్నయో."

నేను అన్నవన్నీ ఇక్కడ రాయలేను. రాయగలిగినవి ఇవీ. "నిన్నెవలు ముట్టుమన్నరు? సదువురాని చేతులు ఇంజనుల బెడ్తే గిట్లనే అయితది. మూడు నెలల పని నాశనం జేసినవ్!"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాకెరుక లేదు బిడ్డా" అంది. ట్రేలు రెండూ తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయింది. నాకు అప్పుడు సిగ్గు వేయలేదు. ఇప్పుడు వేసినట్టు రాసుకుంటే అబద్ధమవుతుంది.

మూడు రోజులు కూర్చుని పదహారూ మళ్లీ నూరాను. బిగించాను. తాళం తిప్పాను. ఇంజను లేచింది, ఊరికే ఉన్నంతసేపూ నడిచింది, యాక్సిలరేటరు తొక్కితే ఉబ్బసం రోగిలా ఎగశ్వాస పెట్టి ఆగిపోయింది. వంద సార్లు తొక్కాను. వంద సార్లూ ఆగింది.

"వాల్వులే. ఆమె కలిపేసింది, ఇగ అంతే" అన్నాను.

"మళ్ల నూరింది నువ్వే గద. తప్పు వాల్వులదైతే నీదే అయితది" అంది రెబెక్కా.

ఆ మాట విననట్టు బానెట్టు మూశాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నా కుందేలుకు నాలుగో కాలు ఉండేదనీ, దాన్ని సుందరమ్మ తోమేసిందనీ ఊరంతా చెప్పుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా చర్చిలో ఆదివారం ప్రార్థన మనవులు చెప్పుకుంటాం. జ్వరాలు, పరీక్షలు, ఇంటర్వ్యూలు. ఎవరి మీదైనా కోపముంటే పేరెత్తకుండా, మనవిలా చెప్పి దించుకోవడం కూడా ఆ వేళలోనే. ఈ విద్య అందరికీ వచ్చు, పాస్టరుగారితో సహా. ఏప్రిల్ చివరి ఆదివారం నేను లేచి, కళ్లు మూసుకుని, "తెలియని చేతులు ముట్టుకోవడం వల్ల పాడైన నా పని బాగుపడేలా ప్రార్థించండి" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. కళ్లు తెరిచేసరికి తలలన్నీ ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ వైపు తిరిగి ఉన్నాయి.

మే నెలలో ఆమె గ్లాసులు తోమడానికి రాలేదు. "చేతులు వణుకుతున్నయి, ఇంకెవలకన్న జెప్పుండ్రి" అని పాస్టరుగారికి కబురు పెట్టింది. మేడ్చల్ బజారు నుంచి కాగితం గ్లాసులు తెప్పించారు. పెద్దమ్మ ఆ ఆదివారం తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంది. జూన్ నెల బల్లకు అసలు రాలేదు.

"పోయి మాట్లాడు" అని రెబెక్కా రోజూ అనేది. బండి నడవనీ, అప్పుడు పోతానని నేను. చివరికి ఆమే పరమేశ్‌కు ఫోను చేసింది.

పరమేశ్ వచ్చి ఇంజను స్టార్టు చేయించాడు. తల పక్కకు వంచి విన్నాడు. గాలి పీల్చే పైపు మూతి మీద చెయ్యి పెట్టాడు. "గాలి గుంజుతలేదన్నా" అన్నాడు. స్క్రూడ్రైవరుతో క్లిప్పు వదులు చేసి, పైపు ఊడదీసి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చాడు. నీలం గుడ్డ ముక్క ఒకటి బయటికి లాగాడు.

"అన్నా, గిదేంది?"

బిగించేటప్పుడు ధూళి పడకుండా రంధ్రాలన్నిటికీ గుడ్డలు కుక్కాను. నా పాత ఫ్యాక్టరీ చొక్కా చింపిన ముక్కలు. తొమ్మిది కుక్కి ఎనిమిది తీసినట్టున్నాను. ఆ తొమ్మిదోది చొక్కా జేబు. జేబు మీద ఎర్ర దారంతో ఫ్యాక్టరీ వాళ్లు కుట్టిన నా పేరు. పరమేశ్ దాన్ని బానెట్టు మీద పరిచి, కూడబలుక్కుంటూ చదివాడు.

"గి-డి-యో-న్. ఇరవై ఏండ్లల్ల శాన మందిని జూసినన్నా. లోపల గుడ్డ మరిచి, దాని మీద పేరు గూడ రాసిచ్చినోన్ని గిప్పుడే జూస్తున్న."

"మరి వాల్వులు?" అన్నాను. అతను ఆయిలు కొలిచే పుల్ల తీసి, వేళ్ల మధ్య రుద్ది చూశాడు.

"వాల్వులకేమైంది? మస్తు కూసున్నయి. పేస్టు చుక్క లేకుంట కడిగినవ్, గందుకే. కొందరు ఉత్తగ తుడిచి బిగిస్తరు, గా పేస్టు ఇంజనును తినేస్తది."

ఉత్తగా తుడిచే రకాన్నే నేను. మొదటిసారి నూరినప్పుడు అలాగే గుడ్డతో తుడిచి ట్రేలో నిలబెట్టాను. ఆమె తోమినవి అంత శుభ్రంగా కనిపించేసరికి, రెండోసారి పంతానికి పోయి సబ్బు నీళ్లతో కడిగాను.

పరమేశ్ పైపు బిగించి తొక్కాడు. ముల్లు ఐదు వేలు దాటింది, గొంతు మారింది. ఇరవై నాలుగేళ్లు ఎదురుచూసిన గొంతు. విన్నాను గానీ సంతోషం రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడి కథ చిన్నప్పుడు విని నవ్వాను. వాడు మద్దెలనే తిట్టాడు. నేను డెబ్బై దాటిన మనిషిని తిట్టాను.

పెద్దమ్మ ఇంటికి పోయి మెల్లగా క్షమాపణ చెప్పి వద్దామనుకున్నాను. రెబెక్కా ఒప్పుకోలేదు. "అందరి ముందట అన్నవ్. అందరి ముందటనే జెప్పాలె. ఆమెను నేను తోలుకొస్త."

జూన్ చివరి ఆదివారం పెద్దమ్మ వచ్చింది. మళ్లీ చెప్పుల పక్కనే కూర్చుంది, రెబెక్కా ఆమెను ఆనుకుని కూర్చుంది. మనవుల వేళ నేను లేచాను. పది వాక్యాలు తయారు చేసుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. జేబులోంచి గుడ్డ తీశాను.

"నా ఇంజను చెడగొట్టింది గిదే. దీని మీద పేరున్నది. సుందరమ్మ పెద్దమ్మ పేరు కాదు." గుడ్డను ముందు వరసకు అందించాను. "పెద్దమ్మా, ఆనాడు నేనన్నయన్ని తప్పు. సదువురాని చేతులు నావే. నన్ను మాఫ్ జెయ్యి."

గుడ్డ చేతులు మారుతూ వెనక్కి పోయింది. చదివిన ప్రతివాళ్లూ ఒకసారి నా వైపు చూసి, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు మాత్రం కళ్లు మూసుకున్నారు, భుజాలు కదులుతున్నాయి. చివరికి అది పెద్దమ్మ చేతికి చేరింది.

"గీడ ఏం రాసిండ్రు?" అని రెబెక్కాను అడిగింది.

"మా ఆయన పేరు."

పెద్దమ్మ ఆ పేరు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. వేలికి నలుపు అంటింది. చూసుకుంది.

"గింత జిడ్డు గుడ్డ బెడ్తే అదేం నడుస్తది బిడ్డా?" అంది. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ కళ్లలో నీళ్లు వచ్చాయి. పెద్దమ్మ గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. "ఉతికి తెస్త. శనివారం వస్త గిలాసలు తోమనీకి. ట్రేలల్ల నీయేమన్న ఉంటే ముందుగాలనే తీసిపెట్టుకో."

శనివారం పొద్దున్నే లేచి గేటు తెరిచి, ట్రేలు రెండూ దించాను. ఒకదానిలో నాలుగు పాత స్పార్కు ప్లగ్గులున్నాయి. ఆమె రాకముందే తీసేశాను.